పేరు లేనివాడి చదువు

పాఠకుల సందేహాలు – మా జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ చుట్టూనే తిరిగాయి. చదవనివారి కోసం రెండు మాటలు. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో చదువుకునే విక్టర్ ఫ్రాంకెన్‌స్టయిన్ శవాల భాగాలు సేకరించి ఎనిమిది అడుగుల ప్రాణిని తయారుచేస్తాడు. నవంబరు రాత్రి అది కళ్లు తెరవగానే భయపడి పారిపోతాడు. అలా దిక్కులేకుండా పోయిన ప్రాణి లోకాన్ని ఎలా తెలుసుకుంది, లోకం దాన్ని ఏం చేసింది అన్నది నవలకు గుండెకాయ.

ప్రశ్న: ఈ ప్రాణి లోకాన్ని చూసే తీరు ఎలా మారిందో సెమినార్ పత్రం రాయాలి. దొరికిన నోట్సులన్నింటిలో ‘పుట్టుకతో మంచివాడు, సమాజం చెడ్డవాణ్ణి చేసింది’ అనే ఉంది. అంతకు మించి ఏం రాయాలి?
– ఎం.ఏ. ఇంగ్లీషు విద్యార్థిని, వరంగల్

జవాబు: ఆ వాక్యం తప్పేమీ కాదమ్మా. ఆల్ప్స్ పర్వతాల్లో షమొనీ దగ్గర మంచునది మీద విక్టర్‌ను నిలదీసినప్పుడు ప్రాణి కూడా ఇంచుమించు ఆ మాటే అంటాడు. అయితే అది అతని వాదన. ఆ వాదన దాకా అతను ఎలా వచ్చాడో మీరు చూపించాలి. అది 11 నుంచి 16 దాకా ఆరు అధ్యాయాల్లో, అతని నోటనే ఉంది.

నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి. కొత్తగా ఏం తెలుసుకున్నాడు, ఎవరి వల్ల తెలిసింది, దాంతో తన గురించి ఏమనుకున్నాడు, వెంటనే ఏం చేశాడు. ఆరు అధ్యాయాలూ చదువుతూ గళ్లు నింపండి. 11వ అధ్యాయం మొదట్లో మూడో గడికి ఏమీ దొరకదు. దాన్ని ఖాళీగానే ఉంచండి, బలవంతాన నింపవద్దు. అప్పటికి అతనికి వెలుగు, చీకటి, ఆకలి, దాహం, చలి తెలుసు గాని ‘నేను’ అన్నది ఇంకా లేదు. చెట్ల మధ్య నుంచి లేచిన చంద్రుణ్ణి చూసి సంబరపడతాడు. బిచ్చగాళ్లు వదిలి వెళ్లిన నిప్పు కనబడితే ఆనందంతో చెయ్యి పెట్టి కాల్చుకుంటాడు. హాయినిచ్చిందే బాధ కూడా ఎలా పెట్టిందా అని విస్తుపోతాడు. తడి కట్టెలు నిప్పు పక్కన పెడితే ఆరి అంటుకుంటాయనీ, కాలిస్తే గింజలూ దుంపలూ రుచిగా ఉంటాయి గాని పళ్లు చెడిపోతాయనీ తనంతట తానే కనిపెడతాడు. పుట్టినప్పుడు మనసు రాయని పలక, అనుభవమే దాని మీద రాస్తుంది అన్న తత్వవేత్త జాన్ లాక్ ఆలోచన ఈ పేజీల్లో నిప్పు, చంద్రుడు, దుంపలుగా మారింది. లాక్ పేరు తీస్తే ఇక్కడే తీయండి, ఉపోద్ఘాతంలో కాదు.

తరువాత ఒక ముసలి కాపరి అతన్ని చూసి కేకపెట్టి పారిపోతాడు. ఊళ్లోకి వెళితే రాళ్లతో కొడతారు. ఎందుకు కొట్టారో అతనికి తెలియదు. ఒక ఇంటిని ఆనుకుని ఉన్న చిన్న పాకలో నక్కుతాడు. ఆ ఇంట్లో గుడ్డి ముసలాయన డి లేసీ, కొడుకు ఫెలిక్స్, కూతురు అగాథా ఉంటారు. ఫ్రాన్సు నుంచి వెళ్లగొట్టబడి జర్మనీలో పేదరికంలో బతుకుతున్న కుటుంబం. చెక్క సందులోంచి వాళ్లను చూస్తూ ఇంచుమించు ఏడాది గడుపుతాడు.

మీ నాలుగో గడికి ప్రాణం పోసే ఘట్టం ఇక్కడ ఉంది. మొదట్లో రాత్రిపూట వాళ్ల తిండి కొంత దొంగిలిస్తుంటాడు. పిల్లలిద్దరూ ఉన్నది తండ్రి ముందు పెట్టి తమకేమీ మిగుల్చుకోకపోవడం చూస్తాడు. ఆ రోజు నుంచి దొంగతనం మాని అడవిలో దొరికిన పళ్లూ గింజలూ దుంపలతో సరిపెట్టుకుంటాడు. పైగా ఫెలిక్స్ పనిముట్లే తీసుకుని రాత్రుళ్లు కట్టెలు కొట్టి తెచ్చి గుమ్మం ముందు వేస్తాడు. అప్పటికి అతనికి ఒక్క మాట రాదు, ‘దయ’ అనే పదం తెలియదు. వరస గమనించండి, దయ ముందు పుట్టింది, భాష తరువాత వచ్చింది. నిప్పు, పాలు, రొట్టె, కట్టె అన్నవి మొదటి మాటలు. వాటి వెంబడే తండ్రి, చెల్లెలు, కొడుకు, అన్న. బంధాల పేర్లు నేర్చుకున్నాక తనకు ఏ పేరు వర్తిస్తుందని వెతుక్కోక తప్పదు కదా.

నీటిగుంటలో తన ముఖం చూసుకునే ఘట్టాన్ని చాలామంది ఆ పాక పోగొట్టుకున్న తరువాతి సంగతిగా రాసేస్తారు. అది 12వ అధ్యాయంలోనే ఉంది, చివరకు ఫెలిక్స్ అతన్ని చూసి బాదే ఘట్టానికి ఎంతో ముందు. అప్పటికే ఆ ఇంటివాళ్ల అందాన్ని మెచ్చుకుని ఉన్నాడు కనుక ఆ కొలతతోనే తన ముఖాన్ని కొలుచుకుని ఉలిక్కిపడతాడు. వికారం అతనితో పుట్టింది కాదు, పక్కింటివాళ్లను ప్రేమించడం వల్ల నేర్చుకున్నది. రాళ్లు ఎందుకు పడ్డాయో అప్పుడు అర్థమవుతుంది.

13వ అధ్యాయంలో సాఫీ అనే అరబ్బు యువతి వస్తుంది. ఫెలిక్స్ ఆమెకు ఫ్రెంచి నేర్పుతూ వోల్నీ రాసిన చరిత్ర పుస్తకం ‘సామ్రాజ్యాల శిథిలాలు’ చదివిస్తాడు. గోడ ఇవతల ఇతనూ నేర్చుకుంటాడు, ఆమెకన్నా త్వరగా. అమెరికా ఆదివాసుల గతి విని సాఫీతో పాటు ఏడుస్తాడు. మనుషుల్లో విలువ వంశానికీ డబ్బుకీ అని తెలిసిన క్షణాన తన జేబులు తడుముకుంటాడు. డబ్బు లేదు, స్నేహితుడు లేడు, తండ్రి ఎవరో తెలియదు. తెలివి బండకు పట్టిన రాతిపువ్వులా మనసును అంటుకుంటే ఊడదని వాపోయేది ఇక్కడే. ఇదే మీ పత్రానికి వెన్నెముక కావచ్చు. ప్రతి కొత్త తెలివీ అతన్ని మనుషులకు ఒక అడుగు దగ్గరకు తెస్తుంది, తాను వాళ్లలో ఒకణ్ణి కానన్న సంగతిని ఇంకాస్త తేటగా చూపిస్తుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి.

ఒక జాగ్రత్త. ఇదంతా అతను విక్టర్‌కు చెబుతున్నది, తనకు ఒక తోడును తయారుచెయ్యమని అడగబోతూ. విక్టర్ దాన్ని వాల్టన్ అనే నావికుడికి చెబుతాడు. వాల్టన్ తన అక్కకు ఉత్తరాలుగా రాస్తాడు. మూడు చేతులు మారిన మాట ఇది. ఆ సంగతి ఒక పేరాలో తప్పక చెప్పండి.

ప్రశ్న: లెక్చరర్ చెప్పిన 11వ అధ్యాయం నా పుస్తకంలో లేదు. రెండో సంపుటం, మూడో అధ్యాయం అని ఉంది. పైగా విక్టర్ పెళ్లాడే ఎలిజబెత్ విక్టర్‌కు మేనత్త కూతురని నా పుస్తకం, అనాథ అని నోట్సు. ఏది నిజం?
– కర్నూలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: రెండూ నిజమే. మీ దగ్గరున్నది 1818 పాఠం. అది రచయిత పేరు లేకుండా మూడు సంపుటాలుగా వచ్చింది. మీ లెక్చరర్ చెబుతున్నది 1831లో మేరీ షెల్లీ తిరగరాసి కొత్త ముందుమాటతో వేసిన ఒకే సంపుటం. 1818లో అధ్యాయాలు 7, 9, 7. 1831లో మొదటి అధ్యాయాన్ని పెంచి రెండు చేశారు కాబట్టి మొత్తం 24. లెక్క తేలిక. రెండో సంపుటం అధ్యాయాల సంఖ్యకు 8 కలపండి, మూడో సంపుటానికి 17 కలపండి. ప్రాణి స్వగతం 1818లో రెండో సంపుటం 3 నుంచి 8 దాకా. ఎలిజబెత్‌ను మేనత్త కూతురి నుంచి పెంపుడు పిల్లగా మార్చింది కూడా 1831లోనే. విధి అనే మాట బరువు కూడా అప్పుడే పెరిగింది. విక్టర్ బాధ్యత గురించి రాయదలిస్తే 1818 పాఠం మేలు. ఏది వాడారో మొదటి పేజీలోనే చెప్పి, చివరిదాకా దానికే కట్టుబడండి.

ప్రశ్న: అడవిలో దొరికిన పుస్తకాలు చదివి మారిపోయాడంటారు. మూడు పుస్తకాలకే అంత మార్పా?
– రాజమండ్రి నుంచి ఒక గృహిణి

జవాబు: మూడు కాదు, నాలుగని లెక్కపెట్టండి. తోలుపెట్టెలో దొరికినవి మూడు: గొయ్‌థే రాసిన ప్రేమలో ఓడి ప్రాణం తీసుకున్న వెర్థర్ కథ, గ్రీకు, రోమన్ మహాపురుషుల గురించి ప్లూటార్క్ రాసిన ‘జీవితాలు’లో ఒక సంపుటం, సైతాను తిరుగుబాటు, ఆదాము పతనం చెప్పే మిల్టన్ కావ్యం ‘ప్యారడైజ్ లాస్ట్’. నాలుగోది ఇంగోల్‌స్టాట్ నుంచి వచ్చేటప్పుడు వేసుకొచ్చిన కోటు జేబులో ఉండిపోయిన విక్టర్ దినచర్య. తనను తయారుచేసిన నాలుగు నెలల రాత అది.

ఒక్కోటి ఒక్కో వైపు లాగుతుంది. వెర్థర్ చదివి కన్నీళ్లు పెట్టుకుంటాడు. నేనెవరు, ఎక్కణ్ణుంచి వచ్చాను అన్న ప్రశ్నలు అక్కడ బలపడతాయి. ప్లూటార్క్ చదివాక తనను దాటి చూడటం నేర్చుకుంటాడు. యోధులు రోములస్, థీసియస్‌లకన్నా శాంతి కోరిన శాసనకర్తలు న్యూమా, సోలన్, లైకర్గస్‌లను మెచ్చుకుంటాడు. నాకు మనుషులను మొదట పరిచయం చేసింది యుద్ధపిపాస ఉన్న ఒక సైనికుడై ఉంటే నా మనసు మరోలా ఉండేదేమో అని తానే అంటాడు. తన బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంత తేటగా చూసుకోగల పాత్రలు అరుదు.

మిల్టన్ కావ్యాన్ని కావ్యమని తెలియక జరిగిన చరిత్రగా చదువుతాడు. మొదట తనను ఆదాముతో పోల్చుకుంటాడు, ఎవరితోనూ బంధం లేకుండా పుట్టినవాడు కాబట్టి. కానీ ఆదామును చేసినవాడు ఆదరించాడు. పొరుగింటి సుఖం చూసి కడుపు రగిలినప్పుడల్లా సైతానే తనకు దగ్గరివాడనిపిస్తుంది. ఆపైన దినచర్య చదువుతాడు. చేసినవాడే అసహ్యించుకున్నాడని అందులో నల్లటి సిరాతో ఉంది. సైతానుకైనా తోటి దయ్యాలున్నాయి, నాకెవరూ లేరు అన్న మాట ఈ చదువు తరువాతే వస్తుంది. మూడు పుస్తకాలూ లోకంలో ఎవరెవరు ఉన్నారో చెప్పాయి. నాలుగోది వాళ్లలో నువ్వు లేవని చెప్పింది. పరీక్షల్లో చాలామంది దినచర్యను వదిలేస్తారు, అది వదిలితే జవాబు కుంటిదవుతుంది.

ప్రశ్న: పసివాణ్ణి చంపినవాడి మీద జాలి పడమనడం న్యాయమా? క్లాసులో పెద్ద వాదన జరిగింది.
– డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: జాలి పడటం వేరు, నేరాన్ని మాఫీ చేయడం వేరు. నవల మొదటిది అడుగుతుంది, రెండోది అడగదు. వాదించేముందు సంఘటనల వరస సరిచూసుకోండి, గొడవలో సగం అక్కడే తీరుతుంది.

గుడ్డి ముసలాయన ఒంటరిగా ఉన్నప్పుడు లోపలికి వెళతాడు. మాట తీరు విని ఆయన ‘మా దేశంవాడివా, ఫ్రెంచివాడివా’ అని అడుగుతాడు. జీవితంలో ఒక్కసారి, ఆ రెండు మూడు నిమిషాల పాటు, అతనికి ఒక దేశం దొరికింది, భాష పుణ్యమా అని. అంతలో పిల్లలు వస్తారు, ఫెలిక్స్ కర్రతో బాదుతాడు. చీల్చి పారేయగల బలం ఉండి కూడా చెయ్యెత్తడు. ఆ రాత్రి అడవిలో మొదటిసారి పగ పుడుతుంది. అయినా తెల్లారాక ముసలాయనతో మళ్లీ మాట్లాడి చూద్దామనే అనుకుంటాడు. వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారని తెలిశాకే ఆ ఖాళీ ఇంటికి నిప్పు పెడతాడు. విక్టర్ ఊరైన జెనీవా దారిలో నీళ్లలో కొట్టుకుపోతున్న అమ్మాయిని కాపాడతాడు. ఆమె తాలూకు మనిషి తుపాకీతో కాలుస్తాడు. మానవజాతి మొత్తం మీద పగ పడతానన్న ఒట్టు ఈ గాయంతో వచ్చింది.

ఆ ఒట్టు తరువాత కూడా విక్టర్ చిన్న తమ్ముడు విలియంను చూసినప్పుడు మొదట వచ్చిన ఆలోచన చంపాలని కాదు. ఇంకా ఏ ద్వేషమూ నేర్వని పిల్లవాడు కదా, తీసుకుపోయి తోడుగా పెంచుకుందామని. పిల్లవాడు అరిచి, మా నాన్న ఫ్రాంకెన్‌స్టయిన్ అనగానే గొంతు నులుముతాడు. ఇంతవరకు ఆవేశం అనవచ్చు. కానీ పిల్లవాడి మెడలోని పతకాన్ని నిద్రపోతున్న ఆ ఇంటి పనిపిల్ల జస్టీన్ బట్టల్లో దాచి ఆమెను ఉరికంబం ఎక్కించడం ఆవేశం కాదు, తెలిసి చేసిన పని. మనుషుల చట్టాలు ఎలా నడుస్తాయో నేర్చుకుని ఆ చదువును అలా వాడాడు. మా దృష్టిలో విలియం మరణంకన్నా జస్టీన్ మరణమే అతని మీద బరువైన నేరం. మీ వాదన అక్కడ నిలబెట్టండి. చివర వాల్టన్ ఓడలో విక్టర్ శవం ముందు తనను తాను అసహ్యించుకుంటూ మాట్లాడే పేజీలు కూడా చదివి క్లాసుకు వెళ్లండి.

ప్రశ్న: నవలలో కొంత భాగం తెలుగు చేస్తున్నాను. ‘రాక్షసుడు’ అని మొదలుపెట్టాను గాని పొసగడం లేదు. ఏ మాట వాడాలి?
– డాలస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పొసగదు, ఎందుకంటే మన రాక్షసుడికి ఇల్లూవాకిలీ ఉన్నాయి. రావణుడు పులస్త్యుడి మనుమడు, విశ్రవసుడి కొడుకు, తమ్ముళ్లూ చెల్లెలూ ఉన్నవాడు, లంకకు రాజు. హిడింబ భీముణ్ణి పెళ్లాడి కుంతికి కోడలైంది. ఘటోత్కచుడు అందరికీ ముద్దుబిడ్డ. మన కథల్లో రాక్షసత్వం ఒక వంశం, ఒక కులం. ఈ ప్రాణికి లేనిదే అది. ‘రాక్షసుడు’ అనగానే అతను జీవితమంతా వెతికి దొరకనిదాన్ని మీరు ఉచితంగా ఇచ్చేసినట్లవుతుంది. ‘దయ్యం’, ‘పిశాచం’ కూడా చచ్చి పుట్టేవి. ఇతను ముందు బతికి చచ్చినవాడు కాదు, కొత్తగా పుట్టినవాడు.

మూలంలో విక్టర్ ఒకే పేరు పెట్టి పిలవడు. దౌర్భాగ్యుడా, పిశాచమా, దయ్యమా అని తిట్లు మారుస్తుంటాడు. ఆ తిట్లను తిట్లుగానే, విక్టర్ నోట మాత్రమే ఉంచండి. కథ చెప్పే చోట ‘ప్రాణి’ సరిపోతుంది. విక్టర్ ముందు నిలబడి తాను ఎవరో చెప్పుకునే చోట మాత్రం ‘నీ సృష్టిని’ అనాలి. ఆంగ్లపదంలో ‘సృష్టింపబడినది’ అన్న అర్థం ఇమిడి ఉంది, అతను దాన్నే పట్టుకుని బాధ్యత గుర్తుచేస్తాడు. ‘రాక్షసుడు’ నిజంగా అతికే చోటు ఒకటి ఉంది. విలియం ‘నువ్వు నన్ను తినేస్తావు’ అని ఏడ్చేటప్పుడు. ఆ మాట పిల్లల కథల్లోంచి వచ్చినదే.

ఇంతకన్నా పెద్ద చిక్కు క్రియాపదాలతో. ఇంగ్లీషులో దాటేయగలిగింది తెలుగులో ప్రతి వాక్యానికీ తేల్చాలి. వచ్చిందా, వచ్చాడా? అదా, వాడా, అతనా? మా సలహా ఇది. విక్టర్ కథనంలో ప్రాణం వచ్చేదాకా ‘అది’, ఆ తరువాత ‘వాడు’. ప్రాణి స్వగతంలో ‘నేను’ కనుక ఇబ్బంది లేదు. చివర ఓడలో వాల్టన్ చూసినప్పుడు ‘అతను’. పాఠకుడు పైకి గమనించకపోయినా చెవికి తెలుస్తుంది. ఒక ప్రతిలో ఒకే సర్వనామం పెట్టి నడిపితే ఈ మెట్లన్నీ చదునవుతాయి.

సంబోధన కూడా అంతే. విక్టర్ ‘నువ్వు’, ‘ఒరే’ దాకా వెళ్లవచ్చు. ముఖం కనబడని గుడ్డి డి లేసీ మాత్రం కొత్తమనిషిని ‘రండి, కూర్చోండి, మీరు’ అంటాడు. తెలుగు ప్రతిలో అతనికి ‘మీరు’ దక్కే ఏకైక సన్నివేశం అదే కావాలి. ఆ గౌరవాన్ని ఇంకెక్కడా ఖర్చుపెట్టకండి.

ప్రశ్న: మెడకు మేకులున్న, మాటలు రాని బొమ్మే కదా ఫ్రాంకెన్‌స్టయిన్?
– కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫ్రాంకెన్‌స్టయిన్ తయారుచేసినవాడి ఇంటిపేరు. ప్రాణికి పేరే పెట్టలేదు. 1823లో లండన్ నాటకం ప్రకటనలో కూడా ఆ పాత్ర పేరుండాల్సిన చోట గీతలే వేశారు, మేరీ షెల్లీకి అది నచ్చింది. మీరు చెప్పే రూపం 1931 నాటి హాలీవుడ్ చిత్రంలో బోరిస్ కార్లాఫ్ వేషం. అందులో పొరపాటున నేరస్తుడి మెదడు పెడతారు. దాంతో కథ తలకిందులైంది. చెడు మెదడులోనే ఉంటే ఇక తండ్రి తప్పేముంది, ఊరి తప్పేముంది? నవలలో అతను చక్కగా, పొడుగ్గా, వాదనకు దిగి మాట్లాడతాడు. మాట తీసేస్తే అతని చదువంతా పోయినట్టే.

ప్రశ్న: ఇలాంటి ప్రాణి కథలు ఇంకేవైనా చెప్పండి.
– మచిలీపట్నం నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ఒకటి చెబుతాం. పాత ఇంగ్లీషు కావ్యం ‘బేవుల్ఫ్’లోని గ్రెండెల్. బైబిలులో తమ్ముణ్ణి చంపి శాపం పొందిన కయీను సంతతివాడు, రాజు కొలువులో వీణ, పాట వినబడితే భరించలేనివాడు, పన్నెండేళ్లు ఆ కొలువు మీద పడి చంపినవాడు. 1971లో అమెరికన్ నవలాకారుడు జాన్ గార్డ్‌నర్ అదే కథను గ్రెండెల్ నోట చెప్పించాడు. అక్కడ గాయకుడి పాట అతన్ని కరిగిస్తుంది. నువ్వు శపించబడిన జాతివాడివని పాట చెబితే ఏడుస్తూ నమ్ముతాడు. శాంతి కోరుతూ కొలువుకు వెళితే ఆయుధాలతో ఎదుర్కొంటారు. తరువాత డ్రాగన్ దేనికీ అర్థం లేదని బోధిస్తుంది. షెల్లీ ప్రాణి చివరిదాకా అర్థం కోసమే పోట్లాడతాడు. గ్రెండెల్ అర్థం లేదన్న పాఠంతో బతకడానికి ప్రయత్నిస్తాడు. ఇద్దరికీ మనుషుల్లోకి దారి చూపింది కళే, తలుపు వేసిందీ ఆ కళ చెప్పిన కథే.

ప్రశ్న: మా వీధి గ్రంథాలయంలో పదిమందిమి కలిసి ఈ నవల నాలుగు ఆదివారాల్లో చదవాలనుకుంటున్నాం. ఎలా పంచుకోవాలి?
– విశాఖపట్నం పాఠకుల బృందం

జవాబు: 1831 ప్రతి తీసుకోండి, అధ్యాయాల సంఖ్యతో తేలిక. మొదటి ఆదివారం మొదట్లోని వాల్టన్ నాలుగు ఉత్తరాలు, 1 నుంచి 8. రెండో ఆదివారం 9 నుంచి 13. మూడోది 14 నుంచి 17. చివరిది 18 నుంచి 24.

పేజీల లెక్కన మూడో వారం చిన్నది, కావాలనే అలా పెట్టాం. 15వ అధ్యాయంలో డి లేసీతో సంభాషణను ఇద్దరు పైకి చదవాలి, మిగతావాళ్లు కళ్లు మూసుకుని వినాలి. ఆ ముసలాయనకు తెలిసినంతే మీకూ తెలియాలి. మామూలుగా చెడేది రెండో వారం. ప్రాణి ఇంకా తిట్టడు, కొట్టడు, కట్టెలు కొడతాడు, మాటలు నేర్చుకుంటాడు కాబట్టి ఏమీ జరగడం లేదని కొందరు పేజీలు తిప్పేస్తారు. అందుకని ఆ వారం ప్రతివాళ్లూ అతను నేర్చుకున్న ఒక మాటను చీటీ మీద రాసి తేవాలని పెట్టండి. నాలుగో వారం చర్చ విక్టర్ రెండో ప్రాణిని ఎందుకు చీల్చేశాడన్న దగ్గర మొదలుపెట్టండి. తనలాంటి ఒక్క తోడు ఇస్తే దక్షిణ అమెరికా అడవులకు పోయి, కాయలూ పళ్లూ తిని బతుకుతామన్నాడు అతను. విక్టర్ ముందు ఒప్పుకుని, స్కాట్లండుకు ఉత్తరాన ఆర్క్‌నీ దీవిలో సగం పని అయ్యాక, ఆమె ఆ ఒప్పందానికి కట్టుబడకపోతే, వాళ్లకు సంతానం కలిగితే ఏమిటని భయపడ్డాడు. ఆ భయానికి ఆధారం ఉందా లేదా అన్నదానికి మీ పదిమందీ ఒకే జవాబు చెప్పరు. ఆ చీటీలు ఆ రోజు మళ్లీ బయటికి తీయండి.